అమెరికా నగరములు – వాని పేరు ప్రతిష్ఠలు

దూరపు కొండలు నునుపని తెలుగువారు చెప్పుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మహానగరముల విషయములో ఈ సామెత సగమే నిజము. అచ్చటి దూరపు కొండలలో కొన్ని నునుపుగను, కొన్ని ఉన్నదానికంటె గరుకుగను కనబడుచుండును. ఒకే నగరము ఒకరికి స్వర్గము. మరియొకరికి కాలు పెట్టరాని చోటు. తాతగారి కాలమున అందరు కోరి చేరిన నగరమును మనుమని కాలమున అందరు విడిచిపోవుటయు కలదు. ఉద్యోగము కొరకో, ఇంటి కొరకో, ఎండ కొరకో పుట్టినచోటు విడిచి వేయి మైళ్ల దూరమునకు తరలిపోవుట అమెరికనులకు వింత కాదు. కావున ఏ ఊరు మంచిది, ఏ ఊరు చెడ్డది అను ప్రశ్న వారికి పొద్దుపోవుటకు చెప్పుకొను మాట కాదు. ఆ ప్రశ్నకు జనులు చెప్పుకొన్న సమాధానమును బట్టి కొన్ని ఊళ్లు పెరిగినవి, కొన్ని చిక్కిపోయినవి.

పీటర్ గూల్డ్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు 1966లో ప్రకటించిన యొక పరిశోధన ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆయన కాలిఫోర్నియా, మిన్నెసోటా, పెన్సిల్వేనియా, అలబామా రాష్ట్రములందలి విశ్వవిద్యాలయముల విద్యార్థులకు దేశములోని రాష్ట్రముల పట్టిక నిచ్చి, ఇష్టము వచ్చిన చోట నివసింపగల స్వేచ్ఛ యున్నచో దేనిని మొదట కోరుదురో, దేనిని చివర కోరుదురో వరుస సంఖ్యలు వేయుమనెను. ఆ సంఖ్యలను బట్టి పటములు గీసెను. కొండలను, లోయలను చూపు పటములవలె అవి యుండెను. అయితే వానిలో ఎత్తు కోరికకు గుర్తు, లోతు విముఖతకు గుర్తు. విద్యార్థుల సొంత ప్రాంతము వారి పటములో ఎత్తుగా నిలిచెను. అది సహజమే, సొంత ఊరిమీది మమకారము ఎవరికి లేదు? పడమటి సముద్రతీరమందలి కాలిఫోర్నియా దూరమున నున్న మిన్నెసోటావారికి సైతము శిఖరమువలె కనబడెను. ఉత్తరాది విద్యార్థులకు దక్షిణ రాష్ట్రములన్నియు కలిసి ఒక లోయ. అలబామా విద్యార్థులు మాత్రము ఆ దక్షిణ రాష్ట్రములలోనే ఇది మేలు, అది కాదు అని జాగ్రత్తగా భేదములు చూపిరి. ఉత్తరాదివానిని వారును ఒకే గాటన కట్టిరి. తెలిసిన నేల మీద మిట్టపల్లములన్నియు కనబడెను. తెలియని నేల అంతయు ఒకే రంగుగా కనబడెను.

కాలిఫోర్నియా శిఖరము అంత ఎత్తు పెరుగుటకు వెనుక నొక కథ కలదు. 1880లో లాస్ ఏంజలిస్ 11,183 మంది జనాభా గల చిన్న పట్టణము. తరువాత రెండు రైలు కంపెనీలు పోటీపడి టిక్కెట్ల వెల తగ్గింపసాగినవి. 1887 మార్చిలో ఒకనాడు కాన్సాస్ నగరము నుండి లాస్ ఏంజలిసునకు, అనగా దేశములో సగము దూరమునకు, ఒక్క డాలరునకే టిక్కెట్టు అమ్మిరి. రైలు దిగినవారికి భూములమ్ము వర్తకులు సిద్ధముగా నుండిరి. మంచు కప్పిన ఊళ్లలోని రైతులకు నారింజ తోటల బొమ్మలు చూపుట వారి విద్య. 1890 జనవరి 1వ తేదీన సమీపమందలి పాసడీనా పట్టణమువారు పూలతో అలంకరించిన బండ్లతో ఊరేగింపు జరిపిరి. తూర్పు రాష్ట్రములవారు చలిమంటల యెదుట కూర్చున్న దినమున తమ ఊర గులాబీలు పూయుచున్నవని లోకమునకు చూపుటయే దాని యుద్దేశము. ఆ ఊరేగింపు నేటికిని సాగుచున్నది. 1930 నాటికి లాస్ ఏంజలిస్ జనాభా 12,38,048. ఆ ఎండ నిజమైనదే. వర్తకులు దానిని సృష్టింపలేదు. కాని 1943 వేసవిలో కన్నులు మండించు పొగ ఆ నగరమును కప్పినప్పుడు, శత్రువులు విషవాయువు వదలిరేమోయని కొందరు భయపడిరి. అది తమ కార్ల నుండియు, కర్మాగారముల నుండియు వెలువడిన పొగయేయని తెలిసికొనుటకు కొన్ని సంవత్సరములు పట్టెను. పూలబండ్ల బొమ్మలలో ఆ పొగ ఏనాడును కనబడలేదు.

ఎండ కొరకు ఊరు మారినవారిని గూర్చి ఎంత చెప్పినను, అమెరికా చరిత్రలో అంతకంటె బరువైన కోరికతో ఊరు మారినవారు వేరుగా నున్నారు. 1910 నుండి 1970 వరకు దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి ప్రజలు సుమారు 60 లక్షల మంది ఉత్తరమునకును, పడమటికిని తరలిపోయిరి. ప్రత్తి పొలములలో తీరని అప్పు, ఓటు లేని బ్రతుకు, విచారణ లేకయే చెట్టునకు ఉరితీయు మూకలు వారు విడిచిపోయిన లోకము. వారిలో మిసిసిపీవారికి చికాగో అను పేరు ఒక మంత్రమయ్యెను. రాబర్ట్ ఆబట్ అను నల్లజాతి సంపాదకుడు 1905లో చికాగోలో స్థాపించిన ‘చికాగో డిఫెండర్’ పత్రికను రైళ్లలోని శయనశాలలలో పనిచేయు నల్లజాతి సేవకులు రహస్యముగా దక్షిణమునకు చేరవేయుచుండిరి. ఒక ప్రతి పది చేతులు మారుచుండెను. చదువురాని వారికి చదివి వినిపించుచుండిరి. ఉత్తరాది కర్మాగారములలోని కూలి, పిల్లలకు బడి, తలయెత్తి నడువగల వీధి – ఇవి ఆ కాగితములలోని వార్తలు. గాలిదెబ్బకును, గడ్డకట్టు చలికిని పేరుపొందిన చికాగో ఏ శీతోష్ణస్థితి పట్టికలోను మొదట నుండదు. అయినను 1910లో 44,000 మంది యున్న అచ్చటి నల్లజాతి జనాభా 1970 నాటికి 11 లక్షలు దాటెను.

చేరిన తరువాత కనబడిన చికాగో పత్రికలోని చికాగో వంటిది కాదు. 1919 జూలైలో జరిగిన జాతి కలహములలో ఆ నగరమున 38 మంది మరణించిరి. నల్లజాతివారు నివసింపదగిన వీధులు ఇవియని గీతలు గీయబడినవి. గీతలనుట అలంకారము కాదు. గొప్ప ఆర్థిక మాంద్యపు దినములలో, 1933లో, గృహస్థుల ఋణభారము తగ్గించుటకు కేంద్ర ప్రభుత్వ మొక సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ తరువాతి సంవత్సరములలో 200కు పైగా నగరములకు పటములు తయారు చేయించెను. మేలైన పేటలకు ఆకుపచ్చ, తరువాతివానికి నీలము, దిగజారుచున్నవానికి పసుపు, అపాయకరమైనవానికి ఎరుపు రంగులు వేసిరి. ఇండ్ల వయస్సును, గట్టిదనమును చూచుటతోపాటు అందులో నివసించువారి జాతిని కూడ చూచిరి. నల్లజాతివారు నివసించు పేటలకు దాదాపుగా ఎరుపే పడెను. ఇండ్ల కొరకు ఇచ్చు అప్పులకు హామీ పడు మరియొక ప్రభుత్వ శాఖయు, బ్యాంకులును ఇదే దృష్టితో వ్యవహరించినవి. అప్పు దొరకని వీధిలో ఇల్లు కొనువారుండరు, ఉన్న ఇంటికి మరమ్మతు జరుగదు. ఇరువది సంవత్సరములైన పిమ్మట చూచినవారు, ఆ పేట చెడ్డదని చెప్పుటలో తప్పేమున్నదనిరి! ఒక చోటు చెడ్డదను మాట ముందు వచ్చి, చెడు తరువాత వచ్చుట యెట్టిదో ఆ రంగుల పటములే చెప్పును. 1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారము దినములకు, ఇండ్ల అమ్మకములో జాతిభేదము చూపుటను నిషేధించు శాసనము వచ్చెను. పటములు పాతబడినవి, వీధుల మధ్యనున్న భేదములు చాలవరకు నిలిచినవి.

పేటకు జరిగినదే ఒక్కొక్కప్పుడు నగరమంతటికి జరుగును. క్లీవ్‌లాండ్ కథ అట్టిది. ఈరీ సరస్సు ఒడ్డున కయహోగా నది కలియు చోట నున్న ఈ ఉక్కు నగరము 1950లో 9,14,808 మందితో దేశములోని పెద్ద నగరములలో ఏడవదై యుండెను. నదిలోనికి కర్మాగారముల నూనెయు, మురికియు వచ్చి పడుచుండెను. 1969 జూన్ 22వ తేదీ ఆదివారము మధ్యాహ్నము ప్రాంతమున, నీటిపై తేలుచున్న నూనె తెట్టు, చెత్త అంటుకొని, రెండు రైలు వంతెనలకు మంటలు సోకెను. అరగంట లోపలనే మంట ఆరినది. ఎవరును చనిపోలేదు. స్థానిక పత్రికలలో చిన్న వార్త వచ్చెను. అది యంతకు పూర్వము పలుమార్లు మండిన నదియే. 1952లోని మంట దీనికంటె ఎంతో పెద్దది, నష్టము పది లక్షల డాలర్లు దాటెను.

అయితే ఆగస్టు నెలలో దేశమంతటను చదువబడు ‘టైమ్’ పత్రిక, మురికి నదులను గూర్చిన వ్యాసములో కయహోగాను పేర్కొని, మంటలలో చిక్కిన యొక పడవ బొమ్మను ప్రకటించెను. ఆ బొమ్మ 1969 నాటిది కాదు, 1952 నాటిది. 1969 మంట త్వరగా ఆరిపోవుటచే దానికి ఛాయాచిత్రమే దొరకలేదు. పదునేడేండ్ల నాటి మంట లక్షలాది పాఠకుల కన్నులలో నిన్నటి మంటయై కూర్చుండెను. క్లీవ్‌లాండ్ అనగానే మండు నది అనుట దేశమున వాడుకయ్యెను. హాస్యగాండ్రకు చాలకాలము గ్రాసము దొరకెను.

ఇందులో విచారింపదగిన సంగతి మరియొకటి కలదు. ఆ మంటకు ఏడు నెలల ముందే, 1968 నవంబరులో, క్లీవ్‌లాండ్ ఓటర్లు నదిని శుభ్రపరచుటకు 10 కోట్ల డాలర్ల ఋణము తీసికొనుటకు సమ్మతించి యుండిరి. నగరాధ్యక్షుడు కార్ల్ స్టోక్స్ పెద్ద నగరమునకు ఎన్నికైన మొదటి నల్లజాతి మేయరు. మంట ఆరిన మరునాడే ఆయన విలేఖరులను నది యొడ్డున త్రిప్పి, మురికి ఎక్కడెక్కడ నుండి వచ్చుచున్నదో, దానిని అడ్డుటకు నగరమునకు అధికారము లేని తావు లేవియో వివరించెను. సిగ్గుపడవలసిన నగరములు ఎన్నియో యుండగా, పనికి పూనుకొన్న నగరమునకే ఆ పేరు అంటుకొనెను. 1972లో జలశుద్ధి శాసనము వచ్చుటకు కయహోగా పేరు దోహదము చేసినదని చెప్పుదురు. దేశమునకు మేలు జరిగెను, పేరు మాత్రము క్లీవ్‌లాండుకు మిగిలెను. ఉక్కు పరిశ్రమ క్షీణించుటయు, శివారు పేటలకు జనులు తరలిపోవుటయు తోడై, 2020 నాటికి ఆ నగర జనాభా 3,72,624కు దిగినది. నదిలో చేపలు తిరిగి వచ్చినవి. వానిని మితముగా తినవచ్చునని 2019లో అధికారులు ప్రకటించిరి. మండిన నది యందరికి తెలియును. చేపల సంగతి ఆ ఊరివారికి తెలియును.

పత్రికలు, పుస్తకములు నగరములకు మార్కులు వేయుటయు అమెరికాలో నొక వేడుక. 1985లో ప్రకటింపబడిన యొక ప్రసిద్ధ గ్రంథము శీతోష్ణస్థితి, ఇండ్ల ధర, వైద్యము, విద్య, నేరములు మొదలగువానిని లెక్కించి, 329 నగర ప్రాంతములలో పిట్స్‌బర్గును మొదటిదిగా నిలిపెను. దేశము నవ్వెను. ఒకప్పుడు పట్టపగలు వీధి దీపములు వెలిగింపవలసినంత పొగ నిండిన ఊరది! నవ్వినవారికి, ఆ పొగ 1940 తరువాతి శాసనములచే చాలవరకు తొలగినదను సంగతి తెలియదు. అంతకంటె విషాదమేమనగా, ఆ మొదటి స్థానము వచ్చిన దినములలోనే పిట్స్‌బర్గు చుట్టుపట్ల ఉక్కు కర్మాగారములు ఒక్కటొక్కటిగా మూతపడుచు, వేలాది పనివారు మూటముల్లె కట్టుకొని పోవుచుండిరి. మార్కులలో మొదటిదైన ఊరిని విడిచిపోవువాడు ఏమనుకొనవలెను? ఆ పట్టికలో కట్టకడపటిది కాలిఫోర్నియాలోని యూబా సిటీ యను చిన్న పట్టణము. అచ్చటివారు కోపించి, ఆ గ్రంథమును ప్రకటించిన కంపెనీవారి పటములను ప్రోగుచేసి తగులబెట్టిరి. వారి చర్యను మెచ్చుకొననక్కరలేదు గాని వారి బాధ అర్థము కానిది కాదు.

న్యూయార్కు వంటి మహానగరమునకు చెడ్డపేరు వచ్చినచో అది యింటిలోనుండియే రావచ్చును. 1975లో ఆ నగరము అప్పులలో మునిగి, వేలాది పోలీసులను, అగ్నిమాపక భటులను పనినుండి తొలగించుటకు పూనుకొనెను. దానికి నిరసనగా వారి సంఘములు కపాలపు బొమ్మ గల కరపత్రము నచ్చువేయించినవి. సాయంత్రము ఆరు గంటలు దాటిన తరువాత వీధిలోనికి రావలదనియు, భూగర్భ రైలు ఎక్కవలదనియు యాత్రికులను హెచ్చరించుట దానిలోని విషయము. తమ నగరమును కాపాడవలసినవారే తమ నగరమునకు రావలదని చెప్పిన వింత అది. 1970లో 78,94,862గా నున్న జనాభా 1980 నాటికి 70,71,639కు తగ్గెను. ఆ మధ్యలో, 1977లో, మిల్టన్ గ్లేసర్ అను చిత్రకారుడు ఎర్రని హృదయపు బొమ్మతో న్యూయార్కును ప్రేమించుచున్నానను గుర్తు గీసి యిచ్చెను. అది నేడు లోకమంతట చొక్కాల మీద కనబడుచున్నది. 2020లో నగర జనాభా 88,04,190. బొమ్మవలన జనులు వచ్చిరనుట అమాయకత్వము. ఉద్యోగములును, తగ్గిన నేరములును వారిని తెచ్చినవి. కాని తేలిక మాటలకు, చిన్న బొమ్మలకు నగరముల విషయములో గొప్ప బలమున్నదని వర్తకులు గ్రహించిరి.

నేరములు తగ్గినను భయము అదే కొలతతో తగ్గదు. 2023లో గాలప్ సంస్థవారు 16 నగరముల పేర్లు చెప్పి, ఇవి నివసించుటకో చూచి వచ్చుటకో సురక్షితమని తలంతురా యని అమెరికనులను ప్రశ్నించిరి. డల్లాస్, బోస్టన్ నగరములు సురక్షితమని నూటికి 74 మంది చెప్పిరి. చికాగో, డెట్రాయిట్ నగరములు అట్టడుగున నిలిచినవి. న్యూయార్కు సురక్షితమన్నవారు సగమునకు తక్కువ. నిజమునకు ఆ సంవత్సరము జనాభాతో పోల్చి చూచినచో డల్లాసులోని హత్యలు న్యూయార్కులోనివానికి మూడింతలకు మించి యుండెను! పైగా సమాధానములు పార్టీని బట్టి మారినవి. రిపబ్లికన్ పార్టీవారికి పెక్కు నగరములు భయంకరముగా తోచినవి. డెమొక్రాటిక్ పార్టీవారికి అంతగా తోచలేదు. చికాగోను కంటితో చూడనివాడును చికాగోను గూర్చి నిశ్చయముగా చెప్పెను. గూల్డ్ పటములలో దూరము మైళ్లతో కొలువబడెను; ఇప్పుడు అది పార్టీలతో కూడ కొలువబడుచున్నదనవచ్చును.

నోరు చెప్పునది ఒకటి, కాళ్లు చెప్పునది మరియొకటియు కావచ్చును. లాస్ ఏంజలిస్, న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నుండి ఇతర రాష్ట్రములకు పోవు అమెరికనులు వచ్చువారికంటె చాలకాలముగా ఎక్కువ. అవి చెడినందున కాదు. కోరువారెక్కువై ఇండ్ల ధరలు సామాన్యునికి అందనంత పెరిగినందున. చౌకయిండ్లు గల టెక్సాసు, అరిజోనా నగరములు వారిని చేర్చుకొనుచున్నవి. తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడిన డల్లాస్ ప్రాంతము అట్టిదే. ఉద్యోగము, బడి, ఇంటి ధర – ఈ మూడింటినే వారును అడుగుదురు. ఎడారిలోని ఫీనిక్స్ 1950లో 1,06,818 మందితో నుండి, 2020 నాటికి 16,08,139కు పెరిగెను. గదులను చల్లబరచు యంత్రము లేనిదే అది జరుగునది కాదు. 2023 వేసవిలో అచ్చట వరుసగా 31 దినములు పగటి ఎండ 43 డిగ్రీల సెల్సియస్ దాటినది. అయినను జనులు వచ్చుచునే యున్నారు.

డెట్రాయిట్ గతి వేరు. కార్ల పరిశ్రమకు రాజధానియైన ఈ నగరమున 1950లో 18,49,568 మంది యుండిరి. కర్మాగారములు ఇతర చోట్లకు పోవుట, 1967 నాటి కలహములు, తెల్లజాతివారు శివారులకు వెడలిపోవుట, పన్నుల రాబడి తగ్గుట – ఒకదానివెంట ఒకటి వచ్చిపడినవి. 2013లో నగరము దివాలా ప్రకటించెను. 2020లో మిగిలినవారు 6,39,111 మంది. 1913లో కట్టిన మిషిగన్ సెంట్రల్ అను బ్రహ్మాండమైన రైలు స్టేషను నుండి 1988లో చివరి రైలు పోయెను. దక్షిణము నుండి పని వెదకుకొనుచు వచ్చిన వేలాది కుటుంబములు తొలుత కాలు మోపినది అచ్చటనే. తరువాత దాని గాజుపలకలు పగిలి, పాలరాళ్లు దొంగలపాలై, ఆ పాడుబడిన మేడ బొమ్మ దేశములోని పత్రికలన్నింటను డెట్రాయిట్ ముఖచిత్రమయ్యెను. దూరదేశములనుండి ఛాయాచిత్రకారులు శిథిలములను తీయుటకే వచ్చుచుండిరి. కెమెరా అటు తిరిగిన ప్రతిసారియు, ప్రక్క వీధిలో ఇల్లు ఊడ్చుకొని, గడ్డి కత్తిరించుకొని కాపురముండు ఆరులక్షల మంది బొమ్మలో లేకపోయిరి.

2018లో ఫోర్డు కంపెనీవారు ఆ స్టేషనును కొని బాగుచేయించిరి. డెట్రాయిట్ జనాభా 2023లో కొంచెము పెరిగినదని జనాభా శాఖవారు ప్రకటించిరి. 1957 తరువాత అట్టి పెరుగుదల అదే మొదటిది. 2024 జూన్ నెలలో స్టేషను తలుపులు తెరచినప్పుడు, వేలాది నగరవాసులు పిల్లలను చేతపట్టుకొని, బారులుతీరి లోపలికి వచ్చిరి. ఆ దినమున అచ్చటికి రైలేదియు రాలేదు. పైకప్పు క్రింద నిలుచుండి, తల పైకెత్తి, వారు చాలసేపు చూచిరి.